ఎర్ర మొప్పల జీపు

ఈ వేసవి మొదట్లో మా పాత కారు మలుపు తిరిగినప్పుడల్లా మూలగడం మొదలుపెట్టింది. బందరులో మా వీధి చివరనున్న షెడ్డుకి తీసుకెళ్తే, మెకానిక్కు బానెట్టెత్తి పవర్ స్టీరింగ్ ఆయిలు డబ్బా మూత తిప్పి తీశాడు. ఆ మూతకి లోపలివైపు ఓ పుల్ల ఉంటుంది. ఆయిలు ఎంత ఉందో దాని మీద తెలుస్తుంది. అతను దాన్ని గుడ్డతో తుడవబోతుంటే నేను తొంగిచూసి, ఆలోచించకుండానే, "మొప్ప నల్లబడిపోయిందండీ" అన్నాను.

అతను నావైపు చూసిన చూపుకి నాకే నవ్వొచ్చింది. ఈ ఆయిలు కొత్తగా పోసినప్పుడు ఎర్రగా ఉంటుంది, పాతబడేకొద్దీ గోధుమరంగుకి, ఆ తర్వాత నలుపుకి తిరుగుతుంది, చేప మొప్ప కూడా అంతే కదా అని వివరించాను. అతను ఒప్పుకున్నాడు. అక్కడితో ఊరుకుంటే పోయేది. దివిసీమలో నాకు తెలిసిన ఫోర్ వీల్ డ్రైవ్ జీపొకటుంది, రోజూ ఇసకలో తిరుగుతుంది, ఒక్కసారి మార్చిన ఆయిలు నాలుగేళ్ళు ఎర్రగానే ఉంది, ఏటా మూత తీసి నేనే చూశాను అని గొప్పగా చెప్పాను.

"ఉండదండీ," అన్నాడతను తల ఎత్తకుండానే.

నా కళ్ళతో చూశానన్నాను.

"ఇసకలో తిరిగే బండికి రెండేళ్ళు కూడా ఉండదండీ. మీరు సరిగ్గా చూసుండరు."

నన్నంటే పడతాను గాని, ఆ జీపునీ దాన్ని నడిపిన మనిషినీ అంటే పడను. ఇంటికొచ్చాక కూడా కోపం తగ్గలేదు. ఆవిడ పోయి రెండేళ్ళయింది. ఈ రెండేళ్ళూ ఆవిణ్ణి తలుచుకుంటూనే ఉన్నాను గాని, ఆవిడ తరఫున పోట్లాడాల్సి రావడం ఇదే మొదటిసారి.

దివిసీమ కొసన, సముద్రం ఒడ్డు పల్లె హైస్కూలుకి నాకు బదిలీ అయినప్పుడు అవనిగడ్డలో గది తీసుకున్నాను. తారు రోడ్డు ఉన్నంతవరకు బస్సు వెళ్తుంది. రోడ్డు ఆగిపోయిన చోట ఓ టీకొట్టు. అక్కణ్ణించి పల్లెకి కొంత దూరం చెరువు గట్లు, కొంత దూరం ఉత్త ఇసక. మొదటిరోజు చీర కుచ్చిళ్ళు పైకి పట్టుకుని ఏం చెయ్యాలో తోచక నిలబడితే, టీకొట్టు ముందు ఒక జీపులోంచి చేపల ట్రేలు వ్యానులోకి ఎక్కిస్తున్న పెద్దావిడ నన్ను ఎగాదిగా చూసింది. దగ్గరికొచ్చి, చెప్పా పెట్టకుండా బొటనవేలితో నా కంటి కింది రెప్ప లాగి చూసింది.

"మొప్ప పాలిపోయింది. టిఫిను చెయ్యకుండా బయల్దేరారా టీచరుగారూ?" అంది.

నిజంగానే చెయ్యలేదు. ఆవిడ నాకు టీ, రెండు బన్నులు ఇప్పించి, ఖాళీ ట్రేల పక్కన కూచోబెట్టుకుని బడి దగ్గర దింపింది. తర్వాత ఆరేళ్ళు అదే నా బస్సు. పొద్దున్నే ఒడ్డుకొచ్చిన చేపల్ని రోడ్డు దాకా చేర్చి, వెనక్కి వెళ్తూ నన్నెక్కించుకునేది.

మాది గుమాస్తాల కుటుంబం. నాన్న, తాతయ్య, పెదనాన్న అందరూ బల్లల వెనక కూచుని పని చేసినవాళ్ళే. ఇంట్లో ఫ్యాను ఆగిపోయినా మాకు తెలిసిన విద్య అర్జీ రాయడం ఒక్కటే. చేప వండని ఇల్లు కాబట్టి మొప్ప అనే మాట పాఠం పుస్తకంలో చదివానే గాని, దాన్ని చూసి లోకం మొత్తాన్ని కొలవచ్చని నాకు తెలీదు. ఆవిడ అన్నిటికీ మొప్పే చూసేది. జ్వరం తగ్గి బడికొచ్చే పిల్లల కింది రెప్ప, పుచ్చకాయ ముక్క, కొత్తగా కొన్న చీర రంగు, అన్నీ మొప్ప కిందకే వచ్చేవి. ఎంత మంచి సరుకైనా ఆవిడ నోట వచ్చే పెద్ద మెప్పు "పర్లేదు" అనే మాట ఒక్కటే. ఊళ్ళో పిల్ల జిల్లాకి ఫస్టొస్తే కూడా బుగ్గ పట్టుకుని "పర్లేదు" అంది. ఆ పిల్ల ఆ మాట వారం రోజులు అందరికీ చెప్పుకుంది.

ఊరంతా ఆవిణ్ణి అత్త అనేవారు. నేనూ అలాగే పిలిచాను. ఆవిడ కొడుకు పడవ మీద సరంగు, అంటే పడవ నడిపే మనిషి. అతన్ని మర్యాదకి అన్నయ్యగారూ అన్నాను. ఆవిడ జీపు ఆపేసి మరీ నవ్వింది. అత్త కొడుకు అన్నయ్యెట్టా అవుతాడండీ, ఇట్టా లెక్కలు చెబితే మా పిల్లలు పాసైనట్టే అంది.

జీపుని ఆవిడ ఇల్లనుకునేదేమో, చెప్పులు కింద విడిచి గాని ఎక్కేది కాదు. ఎక్కిన చోట విడిచిన చెప్పులు అక్కడే ఉండిపోతాయి, దిగే చోట వేసుకోడానికి ఉండవు. ఇది ఆవిడకి తెలియక కాదు. అందుకని టీకొట్టు దగ్గరొక జత, అవనిగడ్డ ఐసు ఫ్యాక్టరీ దగ్గరొక జత, గుడివాడ మార్కెట్లో ఒక జత పెట్టుకుంది. వట్టి కాళ్ళతో తొక్కితేనే బండి ఏమంటోందో తెలుస్తుందట. ఫోర్ వీల్ వేసే రెండో రాడ్డుని పిల్ల గేరు అనేది. ఇసక మొదలవగానే దాన్ని లాగి, "ఇంక నాలుగు కాళ్ళ మీద పాకుద్ది, గట్టిగా పట్టుకోండి" అనేది.

ఆ జీపు ఆవిడ భర్త కొన్నది. ఆయన పోయాక అమ్మేస్తారనుకున్నారంతా. ఆవిడ మాత్రం ఓ నెలరోజులు చెరువు గట్టున ముందుకీ వెనక్కీ నడిపి, రెండు సర్వి చెట్లు పడగొట్టి, నేర్చుకుని, లైసెన్సు కూడా తెచ్చుకుంది. అప్పటికి ఆవిడకి యాభై దాటాయి.

నేను వెళ్ళిన రెండో వేసవిలో స్టీరింగు బరువెక్కింది. మలుపులో జీపు తిరగాల్సినంత తిరక్క ఒకరోజు చెరువు గట్టుకి గుద్దుకుంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, నా ఒళ్ళో ఉన్న జవాబు పత్రాలు మాత్రం రొయ్యల చెరువు పాలయ్యాయి. సరిగ్గా అప్పుడే సముద్రంలో ఏటా ఉండే చేపల వేట నిషేధం మొదలైంది. ఆ రెండు నెలలూ పడవలు ఒడ్డునే ఉంటాయి. ఏడాది పొడుగునా సముద్రం మీదుండే కొడుకు ఇంటిపట్టున ఉండి అన్నీ గమనిస్తాడు. గట్టుకి పడిన గంటు చూశాడు, బంపరు చూశాడు, తల్లి కుడి భుజానికి నూనె రాసుకోవడం చూశాడు. జీపు అమ్మేద్దామన్నాడు. బంటుమిల్లిలో రొయ్యల చెరువులున్న ఒకాయన అడుగుతున్నాడట.

అత్త గొడవ పడలేదు. నిషేధం మొదలవగానే ఏటా నాలుగు రోజులు ముదినేపల్లిలో చెల్లెలి దగ్గరికి బస్సులో వెళ్ళడం ఆవిడ అలవాటు. వేట లేనప్పుడు జీపుకీ పెద్దగా పని ఉండదు. వెళ్ళొచ్చి, కొడుకుతో ఒక్క మాట అడిగింది. ఆయిలు మార్చి చూస్తాను, అప్పటికీ తిరక్కపోతే అమ్మెయ్యమంది. అతను ఆలోచించి, ఒక షరతు మీద సరేనన్నాడు. ఒంటిచేత్తో అటు చివరిదాకా, ఇటు చివరిదాకా తిప్పి చూపించాలి. బంటుమిల్లి ఆయన ఎదురుగా తిప్పాలి. తిప్పితే ఇంక ఆ మాటెత్తడు.

ఆ మర్నాడు బడి దగ్గర నన్ను దింపాక ఆవిడ బండి కదిలించలేదు. నన్ను తన సీట్లో కూచుని స్టీరింగు తిప్పి చూడమంది. నేను రెండు చేతులతో వేలాడినంత పని చేశాను.

"బరువుగా ఉందాండి?"

"చాలా బరువుగా ఉందత్తా."

"అయితే నూనెదేనంటారా? నా చెయ్యిది కాదంటారా?"

నలభై ఏళ్ళు చేపల గంప నెత్తిన పెట్టుకుని కుడిచెయ్యి పైకెత్తి పట్టుకున్న మనిషి. ఆ భుజం ఎప్పుడో ఒకప్పుడు మొరాయిస్తుందని ఆవిడకి లోపల్లోపల బెంగ. జీపు పోతే ఇంట్లో కూచోవాలి, కోడలు పెట్టింది తిని ఎండ చూసుకుంటూ ఉండాలి. ఆవిడ భయపడగా చూడటం నాకదే మొదలు. అప్పటికి స్టీరింగు అంటే ఏమిటో ఎరగని నాకు ఏది పట్టుకున్నా బరువుగానే ఉంటుందన్న నిజం నేను చెప్పలేదు. నూనెదేనత్తా అన్నాను.

ఆ శనివారం బడి అవగానే గుడివాడ వెళ్ళాం. ఆవిడ మార్కెట్లో పీతలు దింపి, స్పేరు పార్టుల కొట్టుకి తీసుకెళ్ళింది. కొట్టాయన సీసా ఇవ్వగానే మూత తీసి, అరచేతిలో రెండు చుక్కలు వొంపుకుని, వేళ్ళతో రాసి, వాసన చూసింది. అరచెయ్యి ఎండలో పెట్టి రంగు చూసింది. కొట్టాయన ముఖం మాడిపోయింది. సీలున్న సరుకమ్మా అన్నాడు. సీలున్న చేప ఎవరు కొంటారండీ అంది ఆవిడ.

"పర్లేదు. ఇంకో రెండు ఇవ్వండి."

ఎలా మార్చాలో కూడా ఆయన్నే అడిగి చెప్పించుకుంది. డబ్బాలోకి ఆయిలు తిరిగొచ్చే పైపు ఊడదీసి సీసాలో పెట్టాలి, పైపు ఊడిన చోట బిరడా బిగించాలి, ముందు చక్రాలు నేలకి ఆనకుండా లేపాలి. ఇంజను ఆపి ఒకరు స్టీరింగు అటూ ఇటూ తిప్పుతుంటే ఇంకొకరు కొత్తది పోస్తూ ఉండాలి. పాతది పోయి పైపులోంచి ఎర్రగా వచ్చేదాకా అంతే. జాకీ ఉందా అని ఆయనడిగాడు. ఇసకలో జాకీ దిగబడుద్దండి, మా పద్ధతి మాకుంది అంది అత్త.

వాళ్ళ పద్ధతి పడవల పద్ధతి. ఒడ్డుకి లాగిన పడవకి అడుగున రంగు వెయ్యాలంటే దాన్ని ఎత్తరు. దుంగల మీద ఆనించి, కింద ఇసక తవ్వేస్తారు. సోమవారం, ఒంటిపూట బళ్ళు కాబట్టి మధ్యాహ్నానికల్లా నేను వాళ్ళ ఇంటికి చేరేసరికి, ముందు చక్రాల మధ్య ఇరుసు కింద రెండు తాటిదుంగలు దూర్చి, అత్త చక్రాల కింద పారతో తవ్వుతోంది. నేను సాయం పడతానంటే నా చేతులు చూసి వద్దంది. గుంటలు తయారయ్యాక చక్రాలు వాటిలో వేలాడాయి. నాలుగడుగులు దూరంగా నిలబడితే మాత్రం ఇసకలో కొంచెం కూరుకుపోయినట్టు కనబడుతుంది, అంతే.

నన్ను సీట్లో ఎక్కించింది. చెప్పులు కింద విడిపించాకే. ఆవిడ బానెట్టు కింద సీసా పట్టుకుని నిలబడింది. నేను ఎడమవైపు చివరిదాకా, కుడివైపు చివరిదాకా తిప్పుతుంటే సీసాలోకి పాత ఆయిలు గుటకలు గుటకలుగా పడింది. నల్లగా, మాడు వాసన. అది చూసి అత్త ముఖం వెలిగిపోయింది. నల్లగా ఉన్నందుకు అంత సంతోషించిన మనిషిని నేనింకెక్కడా చూడలేదు.

"చివర పట్టుకుని ఉండకండి, ఏడుసుద్ది. తగిలీ తగలకముందే వెనక్కి తిప్పండి."

తిప్పాను. చెమట కళ్ళలోకి కారింది. నలుపు గోధుమరంగయింది, గోధుమరంగు ఇటికరంగయింది. రెండో సీసా సగానికి వచ్చేసరికి పైపులోంచి ఎర్రగా దూకింది. అత్త చిటికెన వేలు ముంచి నాకు చూపించింది. పైపు మళ్ళీ బిగించి, లోపల చిక్కుకున్న గాలి పోవడానికి ఇంకో ఇరవైసార్లు తిప్పించింది. డబ్బాలో నురగ తేలి తేలి ఆగిపోయింది. ఆయిలు గీత దాకా నింపి, బానెట్టు మూసి, నన్ను దించి, తనెక్కి ఇంజను వేసింది.

సరిగ్గా అప్పుడే, సాయంత్రం వస్తారనుకున్నవాళ్ళు వచ్చేశారు. కొడుకు, అతని వెనక బంటుమిల్లి ఆయన. గుంటలు పూడ్చలేదు. చక్రాలు ఇంకా గాల్లోనే ఉన్నాయి. గాల్లో ఉన్న చక్రాన్ని, అందులోనూ ఇంజను ఆన్‌లో ఉండగా, పసిపిల్ల కూడా తిప్పుతుందని ఆ గంటలోనే నాకు తెలిసొచ్చింది. అత్త నావైపు ఒంగి, "గుంట సంగతి ఎత్తకండి" అంది మెల్లిగా.

పరీక్షల్లో చీటీలు పట్టుకోవడంలో నాకు జిల్లాలో పేరుంది. అలాంటిదాన్ని నోరు మూసుకుని, చీర కాస్త వెడల్పుగా పరిచి ఇవతలి గుంటకి అడ్డం నిలబడ్డాను.

కొడుకు జీపుకి నాలుగడుగుల దూరంలో ఆగాడు. అత్త కుడిచెయ్యి పైకెత్తింది, చూపుడు వేలొక్కటే చాపింది, దాన్ని స్టీరింగులో పెట్టి ఎడమ చివరికి, అక్కణ్ణించి కుడి చివరికి తిప్పింది. రెండుసార్లు తిప్పింది. మూడోసారి చిటికెన వేలితో తిప్పింది. నాకు భయమేసింది, ఇంక చాల్లే అత్తా అనబోయాను.

కొడుకు చక్రాల వైపు ఓసారి చూశాడు. తల్లి ముఖం చూశాడు. బంటుమిల్లి ఆయన మజ్జిగ అడిగాడు.

"అయితే అమ్మేది లేదులే," అన్నాడు కొడుకు.

అత్త అందర్నీ భోజనానికి లోపలికి లాక్కెళ్ళింది. నాకు విడిగా పప్పుచారు, వంకాయ కూర చేయించింది. కొడుకు పడవ దగ్గర పనుందని ముందే లేచి వెళ్ళాడు. తిని బయటికొచ్చేసరికి గుంటలు పూడి ఉన్నాయి, దుంగలు గోడవారకి చేరాయి, జీపు నాలుగు చక్రాల మీద బుద్ధిగా నిలబడి ఉంది. అత్త నావైపు మెచ్చుకోలుగా చూసింది. నేను ఆవిడ వైపు అలాగే చూశాను. అన్నం మధ్యలో చెయ్యి కడుక్కునే వంకతో లేచివెళ్ళి పూడ్చేసిందని నేననుకున్నాను. నేను పూడ్చానని ఆవిడ అనుకుందని ఆవిడ కళ్ళే చెప్పాయి. మాట బయటికొస్తే గుట్టు రట్టవుతుందని ఇద్దరం అడగలేదు. తర్వాత కూడా ఎప్పుడూ అడుక్కోలేదు. ఒక ముసలావిడ నన్ను పార పట్టగల మనిషని నమ్మిందన్న గర్వాన్ని పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేకపోయింది.

ఆ తర్వాత నాలుగు వేసవులు ఒకే తంతు. ముదినేపల్లి నుంచి రాగానే నన్ను పిలిచి, జీపు బానెట్టెత్తి, డబ్బా మూత తీసి పుల్ల చూపించేది. ఎర్రగా నిగనిగలాడేది. "నేను మార్చిందండీ. ఊరికే పోద్దా?" అనేది. గుడివాడ కొట్టాయనకి కూడా చెప్పింది. ఆయన నమ్మలేదు, ఈవిడ లెక్కచెయ్యలేదు. ఆ నాలుగేళ్ళలో నూనెదా చెయ్యిదా అన్న ప్రశ్న మళ్ళీ ఆవిడ నోట రాలేదు. తర్వాత నాకు బందరు బదిలీ అయింది. ఆ చలికాలమే, ఒక పొద్దున అత్త చేపలు దింపి వచ్చి మంచం మీద నడుం వాల్చి, లేవలేదు.

మెకానిక్కు మాట రెండు రోజులు నలిగాక, ఆదివారం నాడు కారేసుకుని బయల్దేరాను. రోడ్డు ఆగిపోయిన చోట టీకొట్టు బల్ల కింద అత్త చెప్పులు ఇంకా ఉన్నాయి. దుమ్ము తుడిచి ఉన్నాయి. టీకొట్టు ఆయన్ని నేనేమీ అడగలేదు. కారు అక్కడ వదిలి, నా చెప్పులు చేత్తో పట్టుకుని ఇసకలో నడిచాను.

ఇది నిషేధం కాలమే. కొడుకు పడవ ఒడ్డున దుంగల మీద ఉంది. కింద తవ్విన గుంటలో అతను వెల్లకిలా పడుకుని అడుగుకి రంగేస్తున్నాడు. నేను పక్కనే ఇసకలో కూచుని, మెకానిక్కు అన్నమాట చెప్పాను. చెప్పాక మనసాగలేదు. ఇంతకాలం దాచిన పాపం కూడా ఒప్పేసుకున్నాను. ఆరోజు చక్రాలు గాల్లో ఉన్నాయండీ, మీ అమ్మగారూ నేనూ కలిసి మిమ్మల్ని మోసం చేశామండీ అన్నాను.

పడవ కింద నుంచి నవ్వు వినబడింది.

"నేనెక్కడ పడుకునున్నానో చూడండి టీచరుగారూ. పదేళ్ళప్పుణ్ణించి ఈ గుంటలు తవ్వుతున్నా. చక్రం నేల మీదుందో వేలాడతందో నాకు తెలవదాండి? బంటుమిల్లి ఆయనక్కూడా తెలిసిపోయింది. అవన్నీ పూడ్చింది నేనే. మీరు లోపల తింటున్నారు."

తెలిసీ ఎందుకు ఒప్పుకున్నారని అడిగాను. చెయ్యి నిజంగా బాగా లేకపోతే ప్రమాదం కదా అన్నాను. పూడ్చాక నేల మీద నిలబెట్టి తిప్పి చూశానన్నాడు. తేలిగ్గానే తిరిగిందట. అదొక్కటే కాదన్నాడు.

"చక్రాలు వేలాడేంత గుంటలు రెండు, మిట్టమధ్యాహ్నం, పారతో తవ్విందండి అమ్మ. ఆ చేతికి స్టీరింగొక లెక్కా?"

"మరి నాలుగేళ్ళూ ఎర్రగా ఎలా ఉంది?"

బ్రష్షు ఆగింది.

"నల్లబడితే బరువెక్కుద్ది. బరువెక్కితే అమ్మ మళ్ళీ చెయ్యి అనుకుంటది. ఏటా ముదినేపల్లి వెళ్ళుద్ది కదండి నాలుగు రోజులు. నేనూ మా ఆవిడా కలిసి మార్చేసేవాళ్ళం. మా ఆవిడ తిప్పేది, నేను పోసేవాణ్ణి. అమ్మ వచ్చి మూత తీసేసరికి ఎర్రగా ఉండాలి."

నాలుగేళ్ళు ఆ పుల్ల పట్టుకుని మురిసిపోయిన ఆవిడ ముఖం, పక్కన నిలబడి అవునత్తా అన్న నేను, ఆ వెనకే వసారాలో వల బాగుచేసుకుంటూ తలెత్తని ఇతను, అందరం ఒకేసారి కళ్ళ ముందుకొచ్చాం. ఆ మనిషి మీద నాకు గౌరవం పొంగుకొచ్చింది. అన్నయ్యగారూ అని పిలిచింది తప్పేమీ కాదనిపించింది.

జీపు ఇప్పుడు కోడలు నడుపుతోందట. ఈ ఏడు కూడా మార్చారా అని అడిగాను. నిషేధం మొదలైన రెండోరోజే మార్చానన్నాడు. ఇప్పుడు మూత తీసి చూసేదెవరండీ అన్నాను. అతను మళ్ళీ రంగు వెయ్యడం మొదలుపెట్టాడు.

లేచి చీరకంటిన ఇసక దులుపుకుని ఇంటి ముందున్న జీపు దగ్గరికి వెళ్ళాను. బానెట్టెత్తాను. మూత తిప్పి తీసి, పుల్ల తుడిచి, మళ్ళీ ముంచి, ఎండలో పెట్టి చూశాను. చిటికెన వేలికి అద్దుకుని వాసన కూడా చూశాను. తర్వాత మూత బిగించి, "పర్లేదు" అన్నాను, పడవ కింద ఉన్న మనిషికి వినబడేలా.